మూత బిగియని డ్రమ్ము

"పోయింది," అన్నాడు సర్జోనో గడపలోనే నిలబడి.

ఏది పోయిందని తుమీరా అడగలేదు. మూడు రోజులుగా సమీకెం అవ్వ మేక ఒకే వైపుకి గుండ్రంగా తిరుగుతోంది. ఎడమ చెవి వేలాడేసి, నోటి వెంట చొంగ కారుస్తూ, గుంజకి తాడు చుట్టుకుపోయేదాకా తిరిగేది. విప్పితే మళ్ళీ అటే తిరిగేది. నిన్న సాయంత్రానికి కాళ్ళు ముడుచుకుని పడిపోయింది. ఇవాళ పొద్దున్నే ఈ కబురు.

సర్జోనో తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఒక చెంబు, రెండు, మూడు. నీళ్ళ ట్యాంకరు వచ్చి పది రోజులైంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. మరో రోజైతే రెండో చెంబు దగ్గరే తుమీరా నోరు విప్పేది. ఇవాళ ఆ నీళ్ళు నేలలోకి ఇంకిపోతుంటే చూస్తూ ఊరుకుంది.

"చూలుతో ఉంది కదండీ," అంది చివరికి.

"రెండు పిల్లలు. పశువుల డాక్టరు కోసి చూశాడు."

వంటింటి మూల కోడలు నింగ్రుమ్ కర్రపెండలం చెక్కు తీస్తోంది. కత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఏమంటాడు డాక్టరు?"

"మేతే అంటాడు. డ్రమ్ములో మాగబెట్టిన గడ్డి గాలి చొరబడి చెడిందట. అలా చెడిన గడ్డిలో కంటికి కనపడని పురుగేదో పుట్టి మేక మెదడుకి ఎక్కుతుందట. తిన్న వెంటనే తెలీదట, మూడు నాలుగు వారాలకి బయటపడుతుందట." సర్జోనో తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "సాయంత్రం నమాజయ్యాక ఆడవాళ్ళందర్నీ మన కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. మిగతా డ్రమ్ములన్నీ చూస్తాడట."

తుమీరా అరుగు మీద కూలబడింది.

వానలు వెళ్ళిపోయే ముందు ఊళ్ళోని పన్నెండిళ్ళ ఆడవాళ్ళు సంఘంగా కలిసి ఏనుగు గడ్డి కోశారు. మిషనులో ముక్కలు కొట్టి, తవుడూ బెల్లం మడ్డీ కలిపి, డ్రమ్ముల్లోకి దిగి కాళ్ళతో తొక్కి తొక్కి నింపారు. ఇంటికి రెండు చొప్పున ఇరవై నాలుగు డ్రమ్ములు. మూతలకి ఇనప పట్టీలు బిగించి, పక్కన తెల్లరంగుతో పేర్లు రాసి తుమీరా ఇంటి వెనక కొట్టులో పెట్టారు. వంతు వచ్చినప్పుడు ఎవరి డ్రమ్ము వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి తెరుచుకుంటారు. ఆ కొట్టుకి సిమెంటు నేల ఉంది, ఎండ పడదు. పైగా తాళంచెవి తుమీరా దగ్గరుంటే ఎవరికీ బెంగ లేదు. కొండలన్నీ ఎండి ఆకు కూడా దొరకని ఈ నెలల్లో మేకల ప్రాణాలు ఆ కొట్టులోనే ఉన్నాయి.

రెండు నెలల కిందట తుమీరా మేక మూడు పిల్లల్ని ఈనింది. తల్లికి పాలు పడలేదు. తన మొదటి డ్రమ్ము అప్పటికే అడుగంటింది. రెండో డ్రమ్ము వంతు వచ్చే వారం దాకా తెరవకూడదని మాట. పిల్లల అరుపులు నాలుగు రోజులు విని, అయిదో రోజు మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ, తుమీరా కొట్టు తలుపు తీసి సమీకెం అవ్వ పేరున్న డ్రమ్ము మూత లేపింది. నాలుగు తట్టలు తీసింది. తీసిన చోట ఎండాకులు కుక్కింది. పట్టీ మళ్ళీ బిగించబోతే ఒక కొస పట్టుకోలేదు. మర్నాడు చూద్దాంలే అనుకుంది.

ఆ మర్నాడు ఇవాళ్టికీ రాలేదు.

"నేను చెప్పేస్తాను," అంది తుమీరా.

"ఏమని?"

"చేసిందే చెప్తాను."

"చేసిందంటే? దొంగతనం చేశాననా?"

ఆ మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదలు. రెండు నెలలుగా 'తీసుకున్నాం' అనుకున్నారు. 'మన రెండో డ్రమ్ములోంచి పెట్టేద్దాంలే' అనుకున్నారు. ఆ డ్రమ్మూ తెరిచారు. అందులోంచి ఒక్క తట్ట కూడా అవ్వకి చేరలేదు.

"పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో పెళ్ళయినా చావైనా బియ్యం మూటలు ముందు మనింట్లోనే దింపుతారు," అన్నాడు సర్జోనో. గొంతు పెంచలేదు. అతను ఎప్పుడూ పెంచడు. "ఎందుకు? మనింట్లో పెడితే గింజ కూడా తగ్గదని. నువ్వెళ్ళి ఆ మాట చెప్పు. రేపట్నుంచి నన్ను చూసి ఎవడైనా నవ్వితే, ఎందుకు నవ్వాడా అని నేను ఆలోచించుకోవాలి."

"అవ్వ మేక చచ్చిపోయిందండీ."

"నువ్వు చెప్తే బతుకుతుందా?"



"అమ్మా," అంది నింగ్రుమ్ మూల నుంచి, తల ఎత్తకుండా, "పెండలం ఆవిరికి పెట్టెయ్యనా?"

"పెట్టు," అంది తుమీరా.

*

సాయంత్రానికి కొట్టు ముందు చాపలు పరిచారు. ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి కూర్చున్నారు. సంఘం పెద్ద వర్సిని వచ్చింది, నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుంది. సమీకెం అవ్వ అందరికంటే చివర వచ్చింది. వయసులో అందరికంటే పెద్దదైనా చాప అంచున, సగం నేల మీదే కూర్చుంది.

"లోపలికి రా అవ్వా," అన్నారెవరో.

"ఇక్కడ బాగుందమ్మా."

పశువుల డాక్టరు కుర్రవాడు. చెప్పులు విడిచి కొట్టులోకి వెళ్ళి, ఒక డ్రమ్ము పట్టీ విప్పి, గుప్పెడు గడ్డి తెచ్చి చాప మీద పోశాడు. లేత పసుపు రంగులో ఉంది. పులిసిన మామిడికాయ వాసన గుప్పుమంది. పిడికిట్లో పిండి చూపించాడు. చెయ్యి తడవలేదు, గడ్డి విడిపోలేదు.

"ఇలా ఉండాలి," అన్నాడు. "మూత బిగించి ఉన్నంత కాలం ఏడాదైనా ఇలాగే ఉంటుంది. గాలి తగిలిందా, పోయిందే. తెరిచాక కూడా రోజుకి ఇంత మందాన తీసుకుని, పైన ప్లాస్టిక్ సంచి కప్పి, వెంటనే మూత బిగించెయ్యాలి. బూజు కనపడితే పైపైన తీసేసి కిందది వెయ్యడం కాదు. మొత్తం పారబొయ్యాలి."

"మొత్తమా?" అంది సమీకెం అవ్వ.

"మొత్తం అవ్వా."

"అయ్యో. నేను పైది తీసేసి కిందది వేశాను బాబూ. వేరే ఏముంది వెయ్యడానికి?"

వర్సిని గొంతు సవరించుకుంది. "అవ్వా, రోజూ మూత బిగించేదానివా?"

"బిగించాననే అనుకున్నానమ్మా. పట్టీ నొక్కడానికి వేళ్ళలో బలం లేదు. మీద రాయి పెట్టేదాన్ని."

"రాయి పెడితే చాలదు కదా."

"చాలదనుకుంటా మరి. తప్పు నాదే."

ఎంత తేలిగ్గా ఒప్పుకుందో. తుమీరా పళ్ళెంలో టీ గ్లాసులు పట్టుకుని ఆడవాళ్ళ మధ్య వంగి వంగి తిరుగుతోంది. చేతులు ఖాళీగా లేకపోవడమే నయమనిపించింది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి గ్లాసు అంచు పళ్ళేనికి తగిలి చప్పుడైంది.

"చల్లగా ఉండమ్మా," అంది అవ్వ గ్లాసు అందుకుని.

వర్సిని నోట్‌బుక్కు తెరిచింది. మనసు బాగాలేకపోయినా పని చెయ్యక తప్పదన్నట్టు, కళ్ళు కాగితం మీదే పెట్టి మాట్లాడింది. సంఘం వంతులవారీగా ఇచ్చే మేకపిల్ల ఈసారి సమీకెం అవ్వది. అది వేరే ఇంటికి పోతుంది. వచ్చే వానల్లో అవ్వ పేరున డ్రమ్ములు నింపడం కూడా అనవసరం. చూసుకోలేని మనిషికి ఇచ్చి పశువుని చంపడం ఎందుకు?

"అలాగే చెయ్యండి," అంది అవ్వ. "నా చేతుల్లో పెట్టి ఇంకో ప్రాణం తియ్యడమెందుకు."

ఎవరో చాప పోగు పీకుతున్న చప్పుడు వినిపించింది.

ఇప్పుడు చెప్పాలి, అనుకుంది తుమీరా. ఈ గ్లాసు ఇచ్చేసి చెప్తాను. ఆ గ్లాసు ఇచ్చింది. ఇంకొకటి ఉంది. అదీ ఇచ్చాక చెప్తాను.

"ఒక్క మాటక్కా," అంది పార్తీనా.

పార్తీనా అవ్వ పక్కింటావిడ. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"అవ్వ డ్రమ్ము తీసుకెళ్ళిన రోజు బండి మీంచి దింపింది నేనే. మూత తీసిచ్చింది కూడా నేనే. ఆ రోజే మోచెయ్యి లోతున నల్లగా ఉంది. పైన ఎండాకులున్నాయి. మనం నింపినప్పుడు ఆకులు వెయ్యలేదు కదా."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నేను చెప్తానన్నాను. అవ్వ వద్దంది."

"తుమీరా నొచ్చుకుంటుందని వద్దన్నానమ్మా," అంది అవ్వ. "ఇరవై నాలుగు డ్రమ్ములు కాపలా కాస్తోంది పాపం. ఒకటి చెడితే ఆమెని అడగడం ఏం మర్యాద?"

డాక్టరు తలెత్తాడు. "మూత తియ్యకుండా మోచెయ్యి లోతు బూజు పట్టదు. ఇక్కడే ఎవరో తెరిచారు."

పన్నెండు మొహాలూ కొట్టు తలుపు వైపు తిరిగాయి. తాళం వైపు. తర్వాత ఇంటి వైపు.

గుమ్మంలో నిలబడ్డ సర్జోనో మెట్టు దిగి వచ్చాడు. చేతులు ముందుకు కట్టుకుని, కొంచెం వంగి, పెద్దల ముందు మాట్లాడేటప్పుడు మాట్లాడినట్టే మొదలుపెట్టాడు.

"మీ ముందు దాచడమెందుకు. మాకూ మొన్నే తెలిసింది. ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాం. కొత్తగా వచ్చిన పిల్ల. పట్నంలో పెరిగింది, దానికి ఈ పద్ధతులు తెలీవు. మేక పాలివ్వట్లేదని కంగారుపడి, ఏది కనపడితే అది తెరిచింది. మూత పెట్టడం చేతకాలేదు. మా పెంపకం లోపం అనుకోండి."

అన్నాక అతను కోడలి వైపు చూడలేదు. తుమీరా వైపూ చూడలేదు.

నింగ్రుమ్ వంటింటి గుమ్మంలో ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అందరూ తన వైపు చూస్తున్నారని అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత అత్త వైపు చూసింది. ఊరికే చూసింది. అడిగినట్టు కాదు, బతిమాలినట్టు కాదు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నట్టు.

తుమీరా చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఒక గ్లాసు మిగిలింది. దాని చుట్టూ ఒలికిన టీని ఆమె పమిట కొసతో తుడుస్తోంది.

"అవునమ్మా, నేనే," అంది నింగ్రుమ్. "నేనే తీశాను."

*

తీర్పు చెప్పడం అప్పుడు సులువైపోయింది. సర్జోనోయే ముందుకొచ్చి మా మూడు మేకపిల్లల్లో ఒకటి అవ్వకిస్తామన్నాడు. వర్సిని అవ్వ పేరు మళ్ళీ రాసింది. నింగ్రుమ్ ఇక కొట్టులో అడుగుపెట్టకూడదని చెప్పింది. తాళంచెవి మాత్రం తుమీరా దగ్గరే ఉండాలని అందరూ అన్నారు.

వెళ్తూ వెళ్తూ వర్సిని తుమీరా చెయ్యి పట్టుకుంది. "నీ మనసు నీదే. ఇంకో అత్తయితే కోడల్ని అక్కడే నిలబెట్టి కడిగేసేది. నువ్వు ఒక్క మాట అనలేదు."

తుమీరా తల దించుకుంది. వర్సిని దాన్ని కూడా మంచితనమే అనుకుంది.

అందరూ వెళ్ళాక వంటింట్లో నింగ్రుమ్ గ్లాసులు కడుగుతోంది. వాడిన నీళ్ళే మళ్ళీ వాడుతూ పొదుపుగా కడుగుతోంది.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అంది తుమీరా.

"మావగారు చెప్పేశారు కదా."

"కాదని అనొచ్చుగా."

"అంటే?" నింగ్రుమ్ గ్లాసు బోర్లించింది. "పన్నెండు మంది ముందు మావగారు అబద్ధమాడారని నేను చెప్పాలా? పెళ్ళయి ఏడు నెలలైంది. ఆ మాట అన్నాక ఈ ఇంట్లో ఎక్కడ కూర్చుని తినాలి నేను?"



ఈ రెండు నెలల్లో ఆ పిల్లని ఎన్నిసార్లు కసిరిందో గుర్తొచ్చింది. తవుడు డబ్బా మూత వదులుగా ఉంటే కసిరింది. ఉప్పు జాడీ మూత వెయ్యకపోతే కసిరింది. మూత పెట్టడం మీ అమ్మ నేర్పలేదా అని ఒకసారి పక్కింటివాళ్ళు వినేలా అంది. ఆ పిల్ల వచ్చి, సరిగ్గా పెట్టి వెళ్ళింది. అప్పటికే ఆ పిల్లకి అంతా తెలుసు. ఆ మధ్యాహ్నం తట్టలు మోస్తున్న అత్తకి ఎదురొచ్చి, ఏమీ చూడనట్టు పక్కకి తప్పుకుంది.

"శనివారం ఆయన ఫోన్ చేస్తారు," అంది నింగ్రుమ్. ఆయనంటే తుమీరా కొడుకు హెంద్రో. సెమరాంగ్‌లో భవనాల పనిలో ఉన్నాడు. "ఊళ్ళోవాళ్ళు ఎవరో ఒకరు ఈలోగా చెప్పేస్తారు. మీ పెళ్ళాం దొంగదట కదా అని అడుగుతారు. నన్ను అడిగితే నేనేం చెప్పాలో మీరే చెప్పండమ్మా. మీరేం చెప్పమంటే అదే చెప్తాను."

కోపంగా అని ఉంటే బాగుండేది. ఆ పిల్ల ఆ మాట, కూరలో ఉప్పెంత వెయ్యాలో అడిగినట్టు అడిగింది.

*

మర్నాడు పొద్దున్నే తుమీరా మేకపిల్లల్లో బలంగా ఉన్నదాని మెడకి తాడు కట్టి సమీకెం అవ్వ ఇంటికి నడిచింది. సర్జోనో తనే తీసుకెళ్తానన్నాడు. వద్దంది.

అవ్వ ఇల్లు వెదురు తడికల ఇల్లు. పక్కన ఖాళీ కొట్టం. దాని వెనక నేల కొత్తగా తవ్వి పూడ్చి ఉంది.

"తుమీరా నడకలా ఉందే," అంది అవ్వ పొయ్యి దగ్గర్నుంచి. ఆమెకి ఎదుటి మనిషి మసగ్గానే కనిపిస్తుంది. అడుగుల చప్పుడు మాత్రం ఎవరిదైనా గుర్తుపడుతుంది.

"నేనే అవ్వా. పిల్లని తెచ్చాను."

అవ్వ లేచి వచ్చి మేకపిల్ల పక్కన గొంతుకూర్చుంది. చేతులతో దాని వీపు తడిమింది, పొట్ట తడిమింది, నోరు తెరిచి పళ్ళు తడిమింది. మొహం విచ్చుకుంది.

"ఎంత గుండ్రంగా ఉందో. ఇంత కరువులో ఇలా ఎలా మేపావే?"

తుమీరా తాడు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఆ పిల్లని తిట్టకు," అంది అవ్వ. "నిన్న దాని గొంతు విన్నాను. వణికింది. తెలీక చేసింది. నేనూ ఆ వయసులో మా అత్త దాచిన విత్తనాల మొక్కజొన్న ఎత్తి కోళ్ళకి వేసేశాను. నీ కోడలి కోసం గాతోత్ వండాను చూడు. వానకి తడిసి నల్లబడిన పెండలం నిరుటిది కొంచెం దాచాను. కొబ్బరి తురిమి వేశాను. పట్నం పిల్లకి నచ్చుతుందో లేదో."

అరిటాకు పొట్లం పొయ్యి గట్టు మీద ఉంది. ఇంకా ఆవిరి వస్తోంది.

"ఆ పిల్ల కాదవ్వా," అంది తుమీరా. "నేను."

"ఏం నువ్వు?"

"డ్రమ్ము తెరిచింది నేను. గడ్డి తీసింది నేను. ఆకులు కుక్కింది నేను. ఆ పిల్లకేం సంబంధం లేదు."

మేకపిల్ల మెడ మీద అవ్వ వేళ్ళు ఆగిపోయాయి. మేకపిల్ల ఆమె మోకాలు వాసన చూసింది.

"నీ డ్రమ్ముంది కదా," అంది అవ్వ. "నీదెందుకు తెరవలేదు?"

"వర్సిని అక్క వచ్చినప్పుడల్లా ముందు నా డ్రమ్మే చూసేది. తాళం నా దగ్గరుందని."

"సరే. పార్తీనాది ఉంది. వర్సినిది ఉంది. అన్ని డ్రమ్ముల్లో నాదే ఎందుకు?"

తలుపు పక్కనే ఉందని చెప్పొచ్చు. చేతికి ఏది దొరికితే అది తెరిచానని చెప్పొచ్చు. నిజానికి అవ్వ డ్రమ్ము వెనక మూలన ఉంది. దాని దగ్గరికి వెళ్ళడానికి తుమీరా ఆ రోజు రెండు డ్రమ్ములు పక్కకి జరిపింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"నీకు చూపు ఆనదు కదా అని," అంది. "నీ తరఫున అడిగేవాళ్ళు లేరు కదా అని."

పొయ్యిలో పుల్ల జారి పడింది. దాన్ని సరిచెయ్యడానికి కూడా అవ్వ లేవలేదు. దారిన ఎవరో పాట హమ్ చేసుకుంటూ సైకిల్ మీద వెళ్ళారు. ఆ పాట దూరమయ్యేదాకా ఇద్దరూ విన్నారు.

"నిన్న నేను నా వేళ్ళని తిట్టుకున్నాను," అంది అవ్వ. "ఇంటికొచ్చి ఆ రాయిని తిట్టుకున్నాను. ఇంత చేతకానిదాన్ని అయిపోయానేంటి అని ఏడ్చాను. నువ్వు నా చేతికి టీ ఇచ్చావు."

"ఇచ్చాను."

"అప్పుడు చెప్పొచ్చుగా."

"చెప్పాలనే అనుకున్నానవ్వా."

అవ్వ తడుముకుంటూ తాడు కొస అందుకుని, తుమీరా చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు."

"అవ్వా, ఇది నీది. నీకు మేక లేకపోతే ఎలా గడుస్తుంది?"

"గడవదు. అయినా తీసుకెళ్ళు. తెలీక చేసిన పిల్ల ఇచ్చిందని తీసుకుందామనుకున్నాను. ఇది నా కొట్టంలో ఉంటే, ఊరంతా నేను నిన్ను మన్నించాననుకుంటారు. నువ్వూ అనుకుంటావు." మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది. "నాకింకా ఆ మనసు రాలేదు. వస్తుందో రాదో కూడా తెలీదు."

తుమీరా తాడు పట్టుకుని గడప వైపు తిరిగింది.

"పొట్లం మాత్రం పట్టుకెళ్ళు. అది ఆ పిల్ల కోసం వండింది."

*

తిరిగి వెళ్తుంటే దారి పొడుగ్గా అనిపించింది. ఒక చేతిలో వేడి వేడి పొట్లం. ఇంకో చేతిలో తాడు. వచ్చేటప్పుడు బుద్ధిగా నడిచిన మేకపిల్ల ఇప్పుడు ప్రతి కంచె దగ్గరా ఆగి అరుస్తోంది. వినపడని ఇల్లు లేదు.

వర్సిని ఇంటి అరుగు మీద సర్జోనో కూర్చుని ఉన్నాడు. చేతిలో కాఫీ గ్లాసు. వర్సిని ఎదురుగా కూర్చుని నవ్వుతూ ఏదో చెప్తోంది. మేకపిల్లని చూసి నవ్వు ఆపింది.

"ఏం తుమీరా, వద్దందా అవ్వ?"

"వద్దంది."

"ముసలాళ్ళకి పట్టుదలలు. సాయంత్రం నేను నచ్చచెప్తాలే."

"నేను చెప్పింది విని వద్దందక్కా." తుమీరా వాకిట్లోనే నిలబడింది. భర్త వైపు చూడకుండా, వర్సిని పాదాల వైపు చూస్తూ చెప్పింది. "డ్రమ్ము తెరిచింది నింగ్రుమ్ కాదు. నేను."

వర్సిని సర్జోనో వైపు చూసింది.

సర్జోనో గ్లాసు కింద పెట్టలేదు. నిట్టూర్చాడంతే. "రాత్రంతా ఇదే గొడవక్కా. కోడలి పేరు పాడైపోయిందని కుమిలిపోతోంది. నా మీద వేసుకుంటాను, నా మీద వేసుకుంటాను అని. తిండి కూడా తినలేదు."

తిండి తినలేదన్నది ఒక్కటే నిజం.

"అలా కాదక్కా," అంది తుమీరా.

"నాకు తెలుసమ్మా." వర్సిని కళ్ళు చెమ్మగిల్లాయి. "నాకూ కోడళ్ళున్నారు. ఒక్కదాని కోసమైనా ఇలా చేసేదాన్నా అని నిన్నట్నుంచి అనుకుంటున్నాను."

"ఆయన అబద్ధం చెప్పాడు. నేను విని ఊరుకున్నాను. ఆ పిల్ల మా ఇద్దరి మర్యాద కోసం ఒప్పుకుంది."

"ఎండ తగిలింది నీకు. పైకి రా, కూర్చో. నీళ్ళు తాగు." వర్సిని లేచి తనే కుర్చీ జరిపింది.

తుమీరా ఆ కుర్చీ వంక చూసింది. కూర్చుంటే చాలు. నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని, మొగుడి వెనక ఇంటికి నడిస్తే చాలు. నిన్నటికంటే మంచి పేరుతో ఈ ఊళ్ళో బతకొచ్చు. తప్పు చెప్పుకున్నాను, నమ్మలేదు, నేనేం చెయ్యను అని తనకి తనే చెప్పుకోవచ్చు. సర్జోనో కూడా ఆ కుర్చీ వంకే చూస్తున్నాడు.

ఆమె మేకపిల్ల తాడు లాగి వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి?" అన్నాడు సర్జోనో. ఈసారి గొంతు పెరిగింది.

ఆమె ఆగలేదు. ఇంటి వైపు కాకుండా, వచ్చిన దారినే మళ్ళీ అవ్వ ఇంటి వైపు నడిచి, దాని పక్క గేటు తోసింది. వెనక చెప్పుల చప్పుడు గబగబా వస్తోంది.

పార్తీనా వాకిట్లో పెండలం ముక్కలు ఎండబోస్తోంది. తలెత్తి చూసి, మళ్ళీ ముక్కలు సర్దడంలో పడింది.

"పార్తీనా, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"అవ్వ డ్రమ్ము మీద నువ్వు చూసిన ఎండాకులు, అవి కుక్కింది నేనే. గడ్డి తీసింది నేనే. మా కోడలికి ఏ సంబంధమూ లేదు." ఒక్క ఊపిరిలో అనేసింది. ఈసారి కళ్ళు దించుకోలేదు. "నమ్ముతావో లేదో మరి."

పార్తీనా చేతులు దులుపుకుంది. పెండలం పిండి తెల్లగా రాలింది.

"నిన్న నేను ఆకుల మాట చెప్పింది నీ మొహం చూస్తూనే," అంది. "అవ్వ పేరు కొట్టేస్తున్నారు కదా, ఇప్పుడైనా నోరు తెరుస్తావని చూశాను. నువ్వు టీ పోస్తున్నావు."

ఆమె నమ్మింది. ఎప్పుడో నమ్మేసింది.

చెప్పుల చప్పుడు గేటు దగ్గర ఆగిపోయింది. తుమీరా వెనక్కి తిరగలేదు. చేతిలో పొట్లం అరచేతిని కాలుస్తోంది. పార్తీనా ఇంటి అరుగు మీద చాప పరిచే ఉంది, దాని మీద ఎవరూ లేరు.

పార్తీనా చేట తీసుకుని మళ్ళీ పనిలో పడింది. కూర్చోమనలేదు.